బావ నెత్తురు, అక్క లగ్గం

మా అక్క ఒంటి మీద పుట్టుకతోనే నీలిరంగు బుడిపెలు ఉండేవి. మోచేతి దగ్గర, మెడ మీద, ఆఖరికి నాలుక కొసన కూడా. నేరేడు పండ్లు అతికించినట్లే ఉండేవి. వేలితో నొక్కితే లోపలికి అణిగిపోయి, వేలు తీయగానే మెల్లగా మళ్లీ పొంగేవి. నొప్పి లేదు, ఏమీ లేదు. పిల్లలు అల్లరి చేస్తే అక్క నాలుక బయటపెట్టేది. అంతే, వాకిలంతా ఖాళీ.

అక్కను మా మేనమామ కొడుక్కే ఇవ్వాలని ఎప్పటినుంచో అనుకున్న మాట. ప్రత్యేక తెలంగాణ గొడవతో జనగామలో కాలేజీ మూతపడి బావ ఇంటికి రాగానే లగ్గం పెట్టుకున్నారు. చదువు ఆగిందని బావ ఒక్కపూటైనా బాధపడినట్లు నాకు గుర్తు లేదు.

పసుపు దంచే నాడు ఆడవాళ్లు పాట అందుకుని అక్క చేతికి రోకలి ఇచ్చారు. నాలుగు పోట్లు వేసిందో లేదో, రోకలితో సహా పసుపులో పడిపోయింది. అప్పటికే కొన్నాళ్లుగా అక్క పాలిపోతూ ఉంది. దొంగచాటుగా మన్ను తింటున్నదని అమ్మ తిట్టేది. బంద్ రోజులు, బస్సుల్లేవు. పసుపు ముఖంతోనే ఎడ్లబండి మీద పడుకోబెట్టి మానుకోట, అదే మహబూబాబాద్, దవాఖానకు తీసుకుపోయాం.

డాక్టరు అక్క కంటిరెప్పలు లాగి చూశాడు. బుడిపెలు నొక్కి చూశాడు.

"ఇవి రక్తనాళాల్లో పెరిగిన బుడిపెలమ్మా. చాలా అరుదైన జబ్బు. పేగుల్లో కూడా ఉన్నట్టున్నాయి. అక్కడినుంచి కొద్దికొద్దిగా రక్తం పోతోంది. ముందు రక్తం ఎక్కించాలి" అన్నాడు.

బాపు రక్తం కలవలేదు. బావది కలిసింది. ఊళ్లో వడ్ల బస్తా ఒంటిచేత్తో ఎత్తే బావ, సూదిని చూడగానే కళ్లు తేలేశాడు. ఆయన తేరుకునేలోపే సీసా నిండింది. ఆ రక్తం ఎక్కాక అక్క లేచి కూర్చుని ఆకలన్నది. అమ్మ ఏడుస్తూనే నవ్వింది.

అప్పుడు మా బాపుకు అన్న, మా పెద్దబాపు, నెత్తి కొట్టుకున్నాడు.

"అయిపాయె! ఇగ లగ్గమెట్ల జేస్తరు? పిలగాని నెత్తురు పిల్ల ఒంట్లకొచ్చె. ఇద్దరు అన్నాచెల్లెండ్లైరి గదనే!"

ఒకే ఇంటిపేరు ఉంటేనే పిల్లనివ్వని మావాళ్లు, ఒకే నెత్తురంటే ఒప్పుకుంటారా?

బావ మంచం మీంచి దుమికాడు. "ఏందే మామా! గింత నెత్తురిచ్చి చెల్లెను దెచ్చుకున్ననా?"

అక్క చెయ్యి చాపింది. "గట్లైతె వాని నెత్తురు వానికి గుంజియ్యుండ్రి. మల్ల పడితె పడ్త. లగ్గమైతె ఆపేది లేదు."

దవాఖాన గడప దగ్గర తమలపాకుకు సున్నం రాస్తున్న మా అమ్మమ్మ తలెత్తింది.

"ఓ పెద్దమనిషీ, వీని నాయిన నా కడుపులనే వుట్టె. దీని తల్లి నా కడుపులనే వుట్టె. ఇద్దరి ఒంట్ల మొదటి సంది ఉన్నది నా నెత్తురేనాయె. లగ్గం పెట్టుకున్ననాడు నీ నోరెటువాయె?"

పెద్దబాపు నెత్తి మీంచి చెయ్యి తీశాడు. "అగో! గదైతె నిజమేనాయె." వెంటనే డాక్టరు వైపు తిరిగాడు. "సారూ, మేనరికం మాది. ఎంత ఎక్కించినా ఏం గాదు!"

డాక్టరు గోడవైపు తిరిగి నవ్వుకుని, మళ్లీ మావైపు తిరిగి, జబ్బు పూర్తిగా పోయేది కాదనీ, పాలిపోయినప్పుడల్లా తీసుకురావాలనీ చెప్పాడు.

పెట్టుకున్న నాడే లగ్గమైంది. భోజనాల దగ్గర అందరికంటే పెద్దగొంతు పెద్దబాపుదే. మేక కాలేయం తింటే నెత్తురు పడుతుందని, వేట కూర వడ్డిస్తున్నవాళ్ల వెంట పరుగెత్తుతూ ఒకటే అరుపు.

"కారిజమంత పెండ్లిపిలగానికెయ్యుండ్రి! ఒక్క ముక్క ఇంకెవ్వలకెయ్యకుండ్రి! మా పిల్లకు మల్ల అక్కెరవడ్తది!"

బావ విస్తరి నిండిపోయింది. పక్కన కూర్చున్న అక్క బాసింగం ఊడిపోయేలా నవ్వుతూ, "తిను, తిను" అని తన ముక్కలు కూడా అందులోకే తోసింది.