జింకకు ఇనబడని బండి

ఈ రోజు మా నాయినను తీస్కొని అశోక్ చౌక్ దగ్గరి షోరూంకు పోయిన. కుంఠా నాకాల ఉన్న మా కార్ఖానా నుంచి టవల్ మూటలు కుంభారిల మా ఇంటికి ఏస్కపోనీకి కరెంటు బండి ఒకటి కావాలె. తొవ్వ నిండ గుంతలే.

సేల్స్‌మన్ పెద్ద టైర్ల బండి చూపించిండు. "బయటి దేశాలల్ల దీన్ని అడివిల వేటకు తీస్కపోతరు భావూ. ఆవాజ్ బిల్కుల్ ఉండదు. పక్కకొచ్చేదాంక జింకకు గుడ తెల్వది" అన్నడు.

నాయిన నలభై ఏండ్లు పవర్‌లూమ్ నడిపిండు. ఆ సప్పుడుకు ఇప్పుడు చెవుల ఒర్రితే తప్ప ఏం ఇనబడదు. సేల్స్‌మన్ బండి షురూ చేసినంక నాయిన దాని మీద అరచెయ్యి ఆనించి చూసిండు. చెవులు పోయినప్పటి సంది మగ్గం నడుస్తుందా, ఆగిందా అని గిట్లనే చూస్తడు.

"ఇది షురూ గాలే గదరా" అన్నడు.

"అయింది నాయినా! సప్పుడే ఉండదు. జింకకు గుడ ఇనబడదంట!" అని ఒర్రిన.

నాయిన బండి మీంచి చెయ్యి తీసి, "పాపం, అది గుడ మగ్గం నడిపిందా?" అన్నడు.

సేల్స్‌మన్ పడి పడి నవ్విండు. నేను గుడ నవ్విన. బయటికొచ్చినంక మాత్రం నవ్వు రాలే. మా గల్లీల ముసలోళ్లు సగం మంది నాయిన లెక్కనే. కాళ్ల కింద నేల అదిరితేనే వాళ్లకు బండి వస్తున్నట్టు తెలుస్తది. ఆ బండి వద్దనుకున్న. దడదడలాడే పాత టెంపోనే నయం.

మీ ఇంట్ల మగ్గం నడిపినోళ్లు ఎన్నో పిలుపుకు పలుకుతరు? మా నాయిన, భుజం మీద చెయ్యేస్తేనే.