ముందు చేతులు, తర్వాత కాటా

మా చిన్నదానికి ఉద్యోగం వచ్చింది. అంగన్‌వాడీ సూపర్‌వైజరు, అదీ మన అనంతగిరి మండలంలోనే. కాగితం రాగానే కాలు నేలమీద నిలవక, అది మొదట చూడవలసిన మనిషికి చూపిద్దామని తండ్రీకూతుళ్లం సాలూరు బస్సెక్కాం. గుమ్మంలోకి అడుగుపెడితే దండ వేసిన ఫొటో కనిపించింది. వారం కిందటే పోయారట. ఇరవై ఏళ్లు మా కొండల్లో సూపర్‌వైజరుగా తిరిగిన ఆమెను మేమంతా అమ్మగారు అనేవాళ్లం. నేను చదివింది ఐదో తరగతి. సంతోషమూ దుఃఖమూ ఒకేసారి వచ్చి కూర్చుంటే నా మాట వరస తప్పుతుంది, ఏమీ అనుకోకండి.

కళ్లు మూసుకుంటే ఆమె మంచులోంచి వస్తూ కనిపిస్తారు. ముందు గొడుగు, తర్వాత భుజానికి వేలాడే కాటా, ఆ తర్వాత ఆమె. వలిసె పూలు విరగబూసిన రోజుల్లో నడుము దాకా ఆ పసుపులో మునిగి, చెప్పులు చేత పట్టుకుని, ఈదుకుంటూ వస్తున్నట్టుండేది. మా అరుగు మీద కూర్చుని చోడి అంబలి తాగి, గిన్నె తామే కడిగి బోర్లించేవారు.

అంగన్‌వాడీ ఇంటి దూలానికి కాటా కట్టి, దానికి గుడ్డ ఉయ్యాల తగిలించి పిల్లల్ని తూచేవాళ్లు. బరువు పట్టికలో అడుగు గీత కిందికి పోయిన బిడ్డకు రెండింతల తిండి ఇవ్వాలి. ఆ సంగతి నాకు తెలియదు. నాకు తెలిసిన కాటా సంతలోది. ఎంత చింతపండు మోసుకెళ్లినా షావుకారు కాటా తక్కువే చూపేది. అందుకే మేం చింతపండులో కొన్ని గింజలు ఉంచేసేవాళ్లం.

మా చిన్నదానికి అప్పుడు రెండో ఏడు. అది తక్కువ తూగితే నాకు తలవంపులని, గెడ్డ నీళ్లలోంచి నున్నటి రాయొకటి తెచ్చి, గుడ్డలో చుట్టి, గౌను కింద మొలతాడుకు కట్టాను. వానలకు దారి తెగి అమ్మగారు రెండు నెలలు రాలేదు. కొత్తగా చేరిన టీచరు కాటా చూసి రాసుకుంది. బరువు బాగుందంది కాటా. బిడ్డ మాత్రం ఏడవడం కూడా మానేసింది.

మూడో నెల అమ్మగారు వచ్చారు. తూచే ముందు ప్రతి బిడ్డనూ రెండు చేతులతో ఎత్తి, కాసేపు అలాగే పట్టుకోవడం ఆమె అలవాటు. మా దాన్ని ఎత్తారు, పట్టిక చూశారు, మళ్లీ ఎత్తారు. చేతులు మొల దగ్గర ఆగాయి. ముడి విప్పితే రాయి ఒళ్లో పడింది.

“ఏటిది తమ్ముడూ?”

“రాయమ్మా.”

“రాయని నాకూ తెలుసు. పసిగుంటకెందుకు కట్టినావు?”

“కాటా తక్కువ సూపిత్తాది గదమ్మా.”

“మా ఆయనకి సింతపండూ గుంటా ఒకటేనమ్మా” అంది నా భార్య. అక్కడున్న ఆడవాళ్లంతా నవ్వారు. అమ్మగారు నవ్వలేదు. రాయిని నా చేతిలో పెట్టారు.

“ఇది షావుకారు కాటా కాదు తమ్ముడూ. ఇక్కడ తక్కువ తూగితేనే ఎక్కువొస్తాది. రెండు నెల్ల నుంచీ నీ గుంట తిండి ఈ రాయి తినీసింది.”

“బేగి నడవండి” అంటూ బిడ్డను తామే ఎత్తుకుని ఆసుపత్రికి కొండ దిగారు. మేం వెనకాల పరిగెత్తాం. ఇంటికొచ్చాక రెండు వాటాల తిండి. వారం వారం వచ్చి ఎత్తి చూసేవారు. ఒకరోజు ఎత్తగానే అది ఆమె కళ్లజోడు లాగేసింది.

“బలమొచ్చీసింది దొంగమొకానికి” అన్నారు. కళ్లజోడు లేని ఆ కళ్లు తడిగా ఉన్నాయి.

ఆ తర్వాత గూడెం గూడెంలో పిల్లల్ని మళ్లీ తూయించారు. టీచర్లను కూర్చోబెట్టి “ముందు చేతులు, తర్వాత కాటా” అని నేర్పారు. జీపులో వచ్చిన ఆఫీసరు పట్టికలు తిరగేసి, “ఇంతమందిని అడుగున రాస్తే పైవాళ్లు మనల్ని అడుగుతారమ్మా” అన్నాడు.

“అడగనీండి. అడిగితేనే గదా తిండి పంపుతారు.”

కొన్నాళ్లకు తిండి బస్తాలు నిజంగానే ఎక్కువ వచ్చాయి.

రిటైరై వెళ్లేనాడు మా చిన్నదాని జడ పట్టుకుని, “మీ కొండ మాట తెలిసిన గుంట ఈ కాటా మొయ్యాల. బాగా సదువుకో” అన్నారు. అది మరిచిపోలేదు. ఆ రాయి ఇప్పటికీ మా పొయ్యి గట్టు మీదే ఉంది. టీచర్లకు చూపించాలని మా చిన్నది దాన్ని సంచిలో వేసుకుంటానంటోంది.

ఇక ఉద్యోగం కబురు చెప్పవలసినవాళ్లు. డొంకరాయి డ్యాం దగ్గర వాచ్‌మన్‌గా ఉన్న మా పెద్దోడికి. కాఫీ తోటలో పనిచేసే బావమరిదికి. ఒరిస్సా వైపు ఇచ్చిన చెల్లెలికి. చెవుడు కనక గట్టిగా చెప్పాలి. చర్చి పక్కింటి పిన్నికి. ముందు ప్రార్థన చేశాకే వింటుంది. గెడ్డ అవతలి మేనత్తకి. సాలూరులో మా అక్కకి. నాకు తోడబుట్టిన అక్క లేదు, నన్ను తమ్ముడూ అని పిలిచిన మనిషి ఆమె ఒక్కరే. ఆమెకు చెప్పే పని మా చిన్నదే చేస్తుంది, పనిలో చేరే సోమవారం పొద్దున్న, మంచులో నడిచి వెళ్లి, మొదటి బిడ్డను రెండు చేతులతో ఎత్తి, కాసేపు అలాగే పట్టుకుని.