పెదనాన్న లేని పాట

మా పెదనాన్న వాయించిన డ్రమ్స్ మొత్తం చెరిపేసి, ఆ చోట మెషీన్ దరువు పెట్టి, వాళ్ల బ్యాండు మొదటి రికార్డు విడుదల చేశారు. ఆయనకు ఎవరూ చెప్పలేదు. సరేనని తలూపింది ఆ బ్యాండులో పాడేవాడు, ఆయన సొంత తమ్ముడు, మా నాన్న.

పెదనాన్న సెలూన్లో సగం గడ్డం గీయించుకుని ఉండగా రేడియోలో ఆ రికార్డులోని పాట వచ్చింది. ఇది నువ్వు వాయించిందేనా అని గీసేవాడు అడిగాడు. "నేను కాక మీ తాతా?" అన్నాడట. ఇంటికొచ్చి పెద్దమ్మకూ అదే చెప్పాడు. ఆవిడ వీధంతా చెప్పుకుంది.

ఆయన పద్ధతి వేరు. తమ్ముడి ఊపిరిని చూసి వాయించేవాడు. గొంతు పైకి వెళ్లేముందు నాన్న భుజాలు లేచేవి. గాలి నిండేదాకా పెదనాన్న కర్ర రెప్పపాటు ఆగేది. వినేవాళ్లకు తెలిసేది కాదు. రికార్డింగు ఇంజనీరు మాత్రం దాన్ని తప్పు కింద లెక్కగట్టాడు.

పాట ఊరూరా మోగింది. కచేరీలో కూడా రికార్డులో ఉన్నట్టే ఉండాలన్నారు. పెదనాన్న చెవికి తగిలించిన ఇయర్‌ఫోనులో మెషీన్ టిక్కుటిక్కుమని జోరీగలా పోరుతుంటే దాని వెంట వాయించాడు. మెషీన్ ఎవరి కోసమూ ఆగదు కదా. నాన్న ఊపిరందక మాటలు మింగసాగాడు. చివరికి ఒక స్టేడియంలో పాట మధ్యలోనే గొంతు పోయింది. అందలం ఎక్కించిన జనమే సీసాలు విసిరారు.

డ్రమ్మరు లయ తప్పాడని మర్నాడు నాన్న పత్రికలవాళ్లతో అన్నాడు. దానికి జవాబివ్వాలంటే రికార్డు సంగతీ బయటపెట్టాలి. అది పెద్దమ్మ చెవిన పడుతుంది. పెదనాన్న ఆ నింద తనే మోశాడు. బ్యాండు కుక్కలు చింపిన విస్తరైంది.

ఆయన సోఫాలు కుట్టే షాపులో చేరాడు. నాన్న మళ్లీ ఆయన గుమ్మం తొక్కలేదు. పోయేముందు మంచంలో ఇదంతా నాకు చెప్పాడు, చెప్పవలసినవాడికి తప్ప.

ఆ బ్యాండు కథను నవలగా రాస్తున్నానని, నాన్నను వదిలిపెట్టనని చెప్పడానికి షాపుకు వెళ్లాను. అప్పటికి పెద్దమ్మ కూడా పోయింది. పెదనాన్న పెదాల మధ్య మేకులు పెట్టుకుని కుర్చీకి గుడ్డ బిగిస్తున్నాడు. మేకులన్నీ తీసి పక్కన పెట్టాడు.

"మీ నాన్నను ఎంతైనా తిట్టుకోరా. రికార్డులో వాయించింది మాత్రం నేనేనని రాయి. మీ పెద్దమ్మ ఆఖరి రోజు కూడా అదే పెట్టమంది. 'ఇదిగో, ఇక్కడ మీ చెయ్యి తెలిసిపోతోందండీ' అంది. అవునన్నాను."