నాయనమ్మ కొత్తకాయ తిన్న రోజు

నా చిన్నప్పుడు, రాజమండ్రికి దగ్గర్లోని మా ఊళ్లో, మామిడి కొత్తకాయ వచ్చిన కొన్నాళ్లదాకా మా నాయనమ్మ దాన్ని ముట్టేది కాదు. ఇంటిల్లిపాదీ మామిడికాయ పప్పు తింటున్నా ఆవిడ చారుతో సరిపెట్టుకునేది. అడిగినవాళ్లకు అన్నవరం మొక్కని చెప్పేవారు తాతయ్య. ఆయన పోయాక మా బాబాయి కూడా అదే చెప్పేవాడు.

ఆ ఏడు శ్రీరామనవమి పందిట్లో ఆడబోయే నాటకంలో బాబాయిది కోయదొర వేషం. మా అరుగు మీదే రిహార్సల్స్. మొహానికి మసి పూసుకుని, తలకు కోడి ఈకలు కట్టుకుని, రాజుగారి ముందు గంతులేస్తూ ఏ భాషా కాని కూతలు కూసేవాడు. చూసేవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వేవారు.

నేను డైరీ రాయడం మొదలుపెట్టక ముందటి సంగతిది. అయినా ఏదీ మరిచిపోలేదు. వేషాలు కట్టుకుని అభ్యాసం చేస్తున్న మధ్యాహ్నం, పాపికొండల వైపు నుంచి లాంచీలో వచ్చిన ఒక పెద్దాయన మామిడికాయల మూటతో మా వీధి గుమ్మం ముందు నిలబడ్డాడు. నాయనమ్మ తమ్ముడు. బాబాయికి సొంత మేనమామ. ఏటా పెరటి దారిన వచ్చి వెళ్లిపోయేవాడు కనుక ఊళ్లో ఎవరికీ తెలియదు.

"నీ వేషానికి పోటీ వచ్చాడోయ్" అన్నాడు రాజు వేషగాడు.

బాబాయి మేనమామ మొహంలోకి చూసి కూడా, "కాయలమ్మేవాడండి. ఏయ్, పెరట్లో పెట్టి పో" అన్నాడు.

లోపల బియ్యం చెరుగుతున్న నాయనమ్మ చేట పక్కన పెట్టి బయటికొచ్చింది. తమ్ముడి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, రాజుగారి సింహాసనమని వేసిన కుర్చీలో కూర్చోబెట్టింది. మూట విప్పి, ఒక కాయ తీసి, అందరి ముందూ కొరికింది.

"మొక్కూ లేదు, మన్నూ లేదండి. మా కొండల్లో పండగ చేసి అమ్మోరికి పెట్టందే కొత్తకాయ కొరకం. పండగయిందని చెప్పడానికొచ్చాడు నా తమ్ముడు. నేను కొండరెడ్ల పిల్లని." తర్వాత బాబాయి వైపు తిరిగింది. "మేం మాట్లాడేది తెలుగేరా. ఆ కూతలు నీకు నేనైతే నేర్పలేదు."

"పరువు తీయకే అమ్మా" అని గొణిగాడు బాబాయి.

"ముందు మీ మామకి కాళ్లకి నీళ్లివ్వు. తర్వాత మాట్లాడదాం పరువు గురించి."

బాబాయి కదల్లేదు. మా నాన్న నేల చూపులు చూస్తూ ఉండిపోయాడు. చివరికి నీళ్ల చెంబు మా అమ్మ తెచ్చింది.

బాబాయి ఆ వేషం మానలేదు. పందిట్లో ఈలలు కూడా వేయించుకున్నాడు. అప్పటికే నాయనమ్మ తమ్ముడి వెంట లాంచీ ఎక్కేసింది. వానలకు ముందు తిరిగొచ్చింది గానీ పోయేదాకా ఆ కొడుకుతో మాట్లాడలేదు. ఆవిడ పాడె మోస్తూ అతను ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు. ఇప్పటికీ కలగదు.

ఈ వయసులో అంత కోపం మంచిది కాదంటాడు మా అబ్బాయి. మొన్న మనవరాలికి సంబంధం వచ్చినప్పుడు, "ఆ కొండల సంగతి ఇప్పుడెందుకులే నాన్నా" అన్నాడు. పెళ్లివారు కూర్చోగానే నేనే మొదలుపెట్టాను. మా నాయనమ్మ కొండరెడ్ల ఆడపడుచని చెప్పాను. ఆవిడ తమ్ముడి మనవలు పెళ్లికొస్తారని, మా పక్కనే కూర్చుంటారని, అది కష్టమనిపిస్తే కాఫీ తాగకుండానే లేవచ్చని చెప్పాను. మా అబ్బాయి బల్ల కింద నా కాలు తొక్కుతూనే ఉన్నాడు.

నేను గొంతు తగ్గించలేదు.