మొఖం చూసి ఎక్కే బస్సు

కరీంనగర్‌లో బోర్డులు రాసి బతికేవాణ్ణి నేను. ఆదిలాబాద్ జిల్లా బస్సులకు కొత్త బోర్డులు రాయాలని కబురొస్తే, దారి ఎంత నలగ్గొడుతుందో తెలిసీ బయల్దేరాను. పెద్దపల్లి దాకా బస్సు, అక్కడి నుంచి ప్యాసింజరు, ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్‌లో దిగి మళ్లీ బస్సు. ఆసిఫాబాద్ చేరేసరికి నడుము పడిపోయింది. మీరు వెళ్తే ఆ రాత్రి అక్కడే ఆగండి. ఆదిలాబాద్ బస్సు తెల్లవారగానే కదులుతుంది, తర్వాతది మధ్యాహ్నం గానీ లేదు.

పొద్దున బస్టాండులో రెండు బస్సులు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి ఆదిలాబాద్‌కు, ఇంకొకటి బెల్లంపల్లికి. రెండింటికీ ఒకే రంగు, ఒకే తీరు బోర్డు. మూడు భాషల్లో, దారిలోని ఊళ్లన్నీ చీమల బారులా రాసిపెట్టారు. రోజూ అక్షరాలతో బతికే నేనే కళ్లు చిట్లించి చదివాను. ఇదేం రాతరా నాయనా అని విసుక్కుంటూ ఎక్కి కూర్చున్నాను.

బస్సు కిక్కిరిసిపోయింది. నా పక్కనున్న ముసలామె దగ్గరికి కండక్టర్ వచ్చేసరికే కెరమెరి దాటాం.

"యాడికవ్వా?"

"బెల్లంపల్లికి బిడ్డా. బొగ్గుబాయిల నా కొడుకు మీద పెల్ల వడ్డదట. దవాఖానల ఉన్నడు, జల్ది పోవాలె."

కండక్టర్ కేక వేశాడు. డ్రైవర్ బస్సాపి వెనక్కి తిరిగాడు.

"అయ్యో అవ్వా, గిది ఆదిలాబాద్ బండి! ఇయ్యాల నన్ను గీ బండి మీదికి మార్చిండ్రు."

"నాకేం ఎర్క నాయినా? రోజు బెల్లంపల్లికి తోలేది నువ్వే గదా. నీ మొఖం జూసే ఎక్కిన."

ఆ దారిలో చదువురానివాళ్లందరూ అంతేనట. బోర్డుకేసి తలెత్తేవాళ్లే లేరు, డ్రైవర్‌ను చూసి ఎక్కుతారు. డ్రైవర్ కిందికి దిగి, ఎదురొచ్చిన పత్తి లారీని ఆపి ఆమెను ఎక్కించాడు. లారీ మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు. నాకు కోపంతో ఒళ్లు మండిపోయింది, ఎవరి మీదో మాత్రం తెలియలేదు.

ఆదిలాబాద్‌లో జొన్నరొట్టె తిని పనికి కూర్చున్నాను. ఆదిలాబాద్ బస్సుకు పసుపు పలక, బెల్లంపల్లి బస్సుకు నీలం పలక. ఒక్కోదాని మీద ఊరి పేరొక్కటే, బారెడు అక్షరాలతో. బస్సుల ఆఫీసాయన మొహం చిట్లించాడు.

"గింతేనా? తక్కిన ఊర్లేమైనయ్?"

"దూరం నుంచి కనబడాలి సార్" అన్నాను. వాదించే ఓపిక లేదు. సణుగుతూనే ఒప్పుకున్నాడు.

వారం తర్వాత తిరుగు ప్రయాణంలో ఆసిఫాబాద్‌లో ఆ డ్రైవర్ కనిపించాడు. మళ్లీ బెల్లంపల్లి బస్సు మీదికే వచ్చాడట. అవ్వ వేళకు చేరిందా అని అడిగాను.

"రెండు లారీలు మారి పోయింది సార్. గప్పటికే పిలగాడు పానం ఇడిసిండు. అవ్వ అవ్వ అని తల్లినే కలవరించిండట." బస్సు అద్దం తుడుస్తూ మళ్లీ అన్నాడు. "నిన్న నా బండిలనే వాపస్ వచ్చింది. ఎక్కే ముందట నన్నే మూడు మాట్ల అడిగింది, యాడికి పోతున్నవని."

రైల్లో కూర్చున్నాక ఒళ్లంతా పచ్చిపుండులా అనిపించింది. నా పసుపు, నీలం పలకలు ఇకముందు ఎవరికైనా పనికొస్తాయేమో, ఆమెకైతే రాలేదు. మీరు ఆ దారిన వెళ్తే ఒక్కటి చేయండి: చదువొచ్చినా సరే, బస్సెక్కేముందు ఎక్కడికి పోతుందని డ్రైవర్‌ను గట్టిగా అడగండి. పక్కన చదువురానివాళ్లు ఉంటే, వాళ్లూ వింటారు.