చెయ్యి వెనక్కి తీసుకున్న నర్సమ్మగారు

మా కింది వాటాలో ఉండే నర్సమ్మగారు పోయిన నెలలో కన్నుమూశారు. ఉదయం పాలు తీసుకున్నారు, కాచుకున్నారు, కాఫీ కలుపుకుని వసారాలో కుర్చీలో కూర్చున్నారు. నేను పాఠాలు చెప్పే కాలేజీకి బయలుదేరుతూ మెట్లు దిగి "వెళ్ళొస్తానండీ" అన్నాను. రోజూ వినపడే "మంచిదమ్మా" వినపడలేదు. కునుకు పట్టిందేమో అనుకుని గేటు దాకా వెళ్ళాను. లోపల పంజరంలో పిట్ట ఆగకుండా అరుస్తుంటే వెనక్కి వచ్చాను. డాక్టరు వచ్చి, గుండె ఆగి కాసేపయిందన్నారు. డెబ్బయి దాటిన మనిషి. బాధ పడకుండా పోయారని అందరూ అన్నారు. నిజమే కావచ్చు.

ఆవిడ ఉద్యోగమంతా దివిసీమలోనే సాగింది. నాగాయలంక చుట్టుపక్కల ఊళ్ళలో, లంకల్లో తిరిగి కాన్పులు చేశారు. పెళ్ళి చేసుకోలేదు. గుడివాడలో ఒక తమ్ముడున్నారు. రిటైరయ్యాక బందరు వచ్చి, చిలకలపూడిలో మేముండే ఇంట్లో కింది వాటా అద్దెకు తీసుకున్నారు. పేరుతో పిలిచిన వాళ్ళను నేను చూడలేదు. పాలవాడికీ, పాస్టరుగారికీ, మాకూ అందరికీ నర్సమ్మగారే.

చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టినప్పుడు చాలామంది మాట్లాడారు. ఏటి అవతల నుంచి వచ్చిన వాళ్ళు, తమ పిల్లలు ఆవిడ చేతుల్లో ఎలా పుట్టారో చెప్పారు. నన్నూ మాట్లాడమన్నారు. నాకు ఆవిడ నర్సుగా తెలియదు. నాకు తెలిసినదల్లా ఒక పిట్ట సంగతి. అంతమంది అంతంత మాటలు చెప్పాక పిట్ట గురించి ఏం చెబుతామని ఊరుకున్నాను. అది ఇక్కడ రాస్తున్నాను.

ఆ పిట్ట ఆవిడ కొనుక్కున్నది కాదు. మా వీధిలో ఉండే బ్యాంకు ఉద్యోగి కుటుంబం బదిలీ మీద వెళ్తూ, "ఒక్కరే ఉంటారు కదా, తోడుగా ఉంచుకోండి" అని పంజరంతో సహా ఇచ్చి వెళ్ళారు. కాకటీల్ అంటారు దాన్ని. ఎక్కడో ఆస్ట్రేలియా వైపు చిలుక. బూడిద రంగు ఒళ్ళు, నెత్తి మీద కుచ్చు, బుగ్గల మీద రూపాయి బొట్టంత నారింజ రంగు. మగదని చెప్పి ఇచ్చారు. పేరు బాబు.

"చిలకలపూడిలో ఉంటూ చిలక లేకపోతే ఏం బాగుంటుంది" అని ఆవిడ మొదట్లో నవ్వేవారు. నాలుగు నెలలు తిరిగేసరికి బాబు ఆవిడ భుజం దిగడం మానేసింది.

ఒకరోజు పొద్దున్నే మెట్ల కింద నుంచి పిలుపు.

"అమ్మాయ్, ఒకసారి కిందికి రా. బాబు గుడ్డు పెట్టాడు."

వెళ్ళి చూస్తే పంజరం అడుగున పరిచిన న్యూస్ పేపరు మీద చిన్న తెల్లటి గుడ్డు. బాబు దాన్ని కాళ్ళ మధ్యకు లాక్కుంటూ మా ఇద్దరినీ అనుమానంగా చూస్తోంది. ఎదురింటావిడ కూడా వచ్చింది. "మగతోడు లేకుండా గుడ్డేంటండీ? ఇంటికి మంచిదేనా?" అంది.

"మీరు రోజూ ఆమ్లెట్టు వేసుకునే గుడ్లకి మగతోడు ఎవరండీ?" అన్నారు నర్సమ్మగారు. "ఫారంలో ఎప్పుడైనా పుంజును చూశారా? ఆడదానికి ఒంట్లో టైము వస్తే పెడుతుంది. పొదిగినా పిల్లవదు, అంతే తేడా."

పేరు మార్చమని నేనన్నాను. "పిలిస్తే పలుకుతోందిగా, ఇంకెందుకు మార్చడం?" అన్నారు. కాబట్టి బాబు బాబుగానే ఉండిపోయింది.

ఆ తర్వాత జరిగిందంతా ప్రేమతోనే జరిగింది. పిల్ల కాని గుడ్డు మీద ఊరికే కూర్చుని నీరసపడుతుందని ఆవిడ గుడ్లు తీసేసేవారు. తీసేసిన కొద్దీ అది మళ్ళీ పెట్టేది. బలం కావాలని ఉడికించిన గుడ్డు, నానబెట్టిన సెనగలు, పాలలో ముంచిన బ్రెడ్డు పెట్టేవారు. దాక్కోవడానికి ఇష్టపడుతోందని చెప్పుల డబ్బా ఒకటి పంజరంలో పెట్టారు. రాత్రి సీరియళ్ళు అయ్యేదాకా లైటు వెలుగుతూనే ఉండేది. బాబు ఆవిడ ఒళ్ళో కూర్చునేది. ఆవిడ టీవీ చూస్తూ మెడ దగ్గర నుంచి తోక దాకా వీపు నిమురుతుండేవారు. అది పొట్ట ఆవిడ ఒడికి ఆనించి, తోక పైకెత్తి, సన్నగా కూనిరాగంలాంటి చప్పుడు చేసేది.

"ఎంత ముద్దు చేయించుకుంటుందో చూడు" అనేవారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇతరుల ఇళ్ళలో పిల్లల్ని ఎత్తి, తుడిచి, ఎవరికో అందించి వచ్చేసిన మనిషి. ఒళ్ళో ఉండిపోయినది ఇదొక్కటే. ఆ మాట ఆవిడ అనలేదు, నాకే అనిపించేది.

ఏడాది గడిచేసరికి బాబు ఈకల్లో మెరుపు పోయింది. ఒకసారి పెట్టిన గుడ్డు పెంకు గట్టిపడకుండా తోలులా మెత్తగా ఉంది. ఆవిడ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. "ఒంట్లో కాల్షియం అంతా గుడ్లకే పోతోందమ్మా. వరసగా కాన్పులయ్యే వాళ్ళను చూశాను గానీ..." అని ఆపేశారు. పశువుల డాక్టరుకు చూపించాలనుకున్నారు. ఈలోపే తుఫాను వాన పట్టుకుంది.

వాన వెలిసిన ఉదయం నేను కిందికి వెళ్ళేసరికి బాబు కర్ర మీద లేదు. పంజరం అడుగున ఒళ్ళంతా ఉబ్బించుకుని, కళ్ళు సగం మూసి, ఊపిరి తీసినప్పుడల్లా తోక ఎగరేస్తోంది. మధ్యమధ్యలో ముక్కుతోంది. ఏమీ రావడం లేదు. పొట్ట కింద ఉబ్బు కనిపిస్తోంది.

"గుడ్డు ఇరుక్కుపోయింది" అన్నారు నర్సమ్మగారు. గొంతులో తొందర లేదు. సీసాలో వేడినీళ్ళు పోసి, గుడ్డ చుట్టి, అట్టపెట్టెలో పెట్టి దాని పక్కన పిట్టను ఉంచారు.

అప్పటికి ఎదురింటావిడతో పాటు మరో ఇద్దరు చేరారు.

"ఇన్ని కాన్పులు చేసిన చేతులండీ మీవి. కాస్త నూనె రాసి నెమ్మదిగా నొక్కితే వచ్చేయదూ? ఆముదం ఉంది, తెమ్మంటారా?"

"వద్దమ్మా."

"పాపం, ఎలా కొట్టుకుంటోందో చూడండి! చూస్తూ ఊరుకుంటారా?"

"మనిషి ఒళ్ళయితే నాకు తెలుసు. దీని ఒళ్ళు నాకు తెలియదు. గుడ్డు లోపల పగిలితే పిట్టే చచ్చిపోతుంది" అన్నారు. అంటూనే రెండు చేతులూ పమిట కింద పెట్టేసుకున్నారు. ఆ దృశ్యం నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. చేతులు ఊరుకోవని భయపడి దాచుకున్నట్టున్నారు.

బందరు పశువుల డాక్టరుకు ఫోను చేస్తే, తనకు పిట్టలు అంత అలవాటు లేదని, గుడివాడలో ఒకాయన చూస్తారని, ఆలస్యం చేయొద్దని ఆయన మర్యాదగా చెప్పారు. మా ఆయన తెలిసినవాళ్ళ కారు తెచ్చారు. చలిగాలి తగలకూడదని అద్దాలన్నీ ఎత్తేయించారు నర్సమ్మగారు. పెడన దాటేసరికి మా ముగ్గురికీ చెమటలు కారుతున్నాయి. వానకు రోడ్డంతా గుంతలు. పెట్టె ఆవిడ ఒళ్ళో ఉంది.

"కాస్త నెమ్మది బాబూ" అనేవారు గుంత వచ్చినప్పుడల్లా. అది మా ఆయనతోనో పిట్టతోనో తెలిసేది కాదు.

గుడ్లవల్లేరు దగ్గర ముక్కడం కూడా ఆగిపోయింది. నేను అటు చూడలేక కిటికీలోంచి మునిగిన వరి చేల వైపు చూస్తూ కూర్చున్నాను. "ఉందమ్మా, ఊపిరి ఉంది" అన్నారు నేను అడగకుండానే.

గుడివాడ డాక్టరు కుర్రవాడు. ఎక్స్‌రే తీశాడు. గుడ్డు సగం దారిలో ఆగింది, పెంకు పలచగా ఉంది, నెట్టే బలం ఒంట్లో లేదన్నాడు. కాల్షియం ఇంజెక్షను చేసి, వెచ్చగా, తేమగా ఉండే పెట్టెలో పెట్టి కాసేపు చూద్దామన్నాడు. రాకపోతే లోపలే గుడ్డులోది తీసేసి పెంకు బయటికి తేవాలి, అందులో ప్రమాదం ఉందని దాచకుండా చెప్పాడు. నర్సమ్మగారు బయట బల్ల మీద కూర్చున్నారు. టీ తెప్పిస్తే ముట్టుకోలేదు. మధ్యాహ్నం దాటాక డాక్టరు తలుపు తీసి, "వచ్చేసిందండీ, అమ్మగారూ" అన్నాడు. ఆవిడ లేచి నిలబడి, మళ్ళీ కూర్చుండిపోయారు.

తర్వాత డాక్టరు చెప్పినదే ఆవిడకు అసలు కష్టమైంది.

"ఇన్ని గుడ్లు ఎందుకు పెడుతోందంటారు డాక్టరుగారూ?"

"మీరు ఏమీ అనుకోనంటే చెబుతానండీ. సాయంత్రం ఒళ్ళో పెట్టుకుని వీపు నిమురుతారా?"

"రోజూ."

"అలా నిమిరితే దానికి జత దొరికిందనుకుంటుందండీ. మీరే దాని జత."

ఆవిడ "ఈ వయసులో నాకీ యోగం ఒకటా" అని నవ్వేశారు. డాక్టరు కూడా నవ్వాడు గానీ చెప్పాల్సినవన్నీ చెప్పాడు. వీపు, రెక్కల కింద ముట్టుకోవద్దు, తల మీద మాత్రం కాస్త గీరవచ్చు. చెప్పుల డబ్బా తీసేయాలి, అది గూడు అనుకుంటుంది. మెత్తటి బలమైన తిండి తగ్గించాలి. పొద్దు గూకగానే చీకటి చేయాలి, వెలుగు ఎక్కువైతే గుడ్ల కాలం అనుకుంటుంది. గుడ్డు పెడితే వెంటనే తీయకూడదు, దానంతటది విసిగి వదిలేసేదాకా ఉంచాలి. కాల్షియానికి సముద్రపు నురగ పెట్టాలి.

సముద్రపు నురగ అంటే ఒడ్డుకు కొట్టుకొచ్చే తెల్లటి బిళ్ళ, కందవాయి చేప లోపలి ఎముక. ఆవిడ ఎవరికో ఫోను చేశారు. వారం తిరక్కుండా ఎదురుమొండి లంక నుంచి ఒకావిడ గోనెసంచి నిండా తెచ్చి వసారాలో పెట్టింది. "ఇంత ఎందుకే?" అంటే, "మీరు అడిగిందే మొదటిసారి కదమ్మా" అంది.

ఆ రోజు నుంచి కింది వాటాలో సాయంత్రం ఆరున్నరకే లైట్లు ఆరిపోయేవి. టీవీ మూగబోయింది. వీధిలో వాళ్ళు ఆ ఇంట్లో కరెంటు పోయిందనుకునేవారు. నర్సమ్మగారు వసారాలో చీకట్లో కూర్చునేవారు. నాకూ పేపర్లు దిద్దడం అయ్యాక వెళ్ళి మెట్టు మీద కూర్చోవడం అలవాటయింది. అంతకు ముందు మా మధ్య పలకరింపులే ఉండేవి. మాటలు ఆ చీకట్లోనే మొదలయ్యాయి.

నురగ తెచ్చినావిడ గురించి అప్పుడే చెప్పారు. ఆవిడ కాన్పులో బిడ్డ చెయ్యి ముందు బయటికి వచ్చింది. ఇంటివాళ్ళంతా లాగమన్నారు. ఈవిడ లాగలేదు. మంచం మీదే పడవెక్కించి ఏటిమొగ దాటించి అవనిగడ్డ ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

"దారి పొడుగునా తిట్టారమ్మా నన్ను. చేతగాని నర్సు అన్నారు, జీతం దండగ అన్నారు."

"మీరేమీ అనలేదా?"

"ఏమంటాను? వాళ్ళ భయం వాళ్ళది. పాపం అనిపించిందని ఏదో ఒకటి చేసేస్తే మన మనసు కుదుటపడుతుంది. పడుకున్న మనిషి సంగతి ఏంటి?"

తల్లీ బిడ్డా ఇద్దరూ బతికారు. ఆ సంగతి నేను అడిగితేనే చెప్పారు.

అన్నిటికంటే ఆవిడకు కష్టమైంది చెయ్యి ఆపుకోవడం. బాబు మొదట్లో పంజరం కడ్డీలకు వీపు ఆనించి పిలిచేది. తోక ఎత్తి, అదే సన్నటి రాగం. ఆవిడ చెయ్యి పంజరం దాకా వెళ్ళేది. అక్కడ ఆగేది. తల మీద ఒక్కసారి వేలితో గీరి, చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకునేవారు. పిట్ట కోపంతో అటు తిరిగి కూర్చునేది. ఒకసారి నేను ఉండబట్టలేక, "ఒక్కరోజుకు ఏమవుతుందండీ?" అన్నాను.

"దానికి ఒక్కరోజు అని తెలియదుగా అమ్మాయ్" అన్నారు.

మెల్లగా అది పిలవడం మానుకుంది. గుడ్లు తగ్గాయి. తర్వాత చాలాకాలం పెట్టనే లేదు. ఈకలకు మెరుపు తిరిగొచ్చింది. దూరంగా కర్ర మీద కూర్చుని ఈల వేసేది, ఆవిడ కుర్చీలోంచి ఈల వేసేవారు. వాళ్ళిద్దరి కాపురం ఆఖరుకు అలా కుదురుకుంది. ఆవిడకు ఒళ్ళో ఏమీ లేకుండా కూర్చోవడం అలవాటయిందో లేదో నాకు తెలియదు. అడగలేదు.

ఆవిడ పోయాక తమ్ముడుగారు గుడివాడ నుంచి వచ్చి సామాను సర్దుకున్నారు. "ఆ పిట్ట మీ దగ్గరే ఉండనివ్వండమ్మా, మా ఇంట్లో పిల్లులున్నాయి" అన్నారు. పైకి తెచ్చుకున్నాం. చోటు మారినందుకో, మనిషి మారినందుకో, పదిరోజులకే బాబు ఒక గుడ్డు పెట్టింది. కిందికి వెళ్ళి అడుగుదామంటే కింది వాటాకు తాళం ఉంది. డాక్టరుకు ఫోను చేశాను. "ముక్కుతోందా? తింటోందా? అయితే వదిలేయండి, చూస్తూ ఉండండి" అన్నాడు. మా ఆయన తీసేద్దామన్నారు. నేను వద్దన్నాను.

అది మళ్ళీ పెట్టలేదు. ఆ ఒక్కదాని మీదే కూర్చుంది. ఒళ్ళు పరుచుకుని, ముక్కుతో అటూ ఇటూ దొర్లించుకుంటూ, మేము దగ్గరికి వెళ్తే బుస కొడుతూ కూర్చుంది. తిండికి లేచేది, మళ్ళీ పరుగున గుడ్డు మీదికి వెళ్ళేది. మేము ముట్టుకోలేదు.

నిన్న ఉదయం నేను చీర కుచ్చిళ్ళు సర్దుకుంటుంటే పంజరంలో కదలిక వినిపించింది. బాబు గుడ్డు మీద నుంచి లేచింది. ఒక కాలు వెనక్కి చాపింది, తర్వాత రెండోది. ఒళ్ళంతా ఒకసారి దులుపుకుని గిన్నె దగ్గరికి నడిచి కొర్రలు తినడం మొదలుపెట్టింది. ఈసారి తొందర లేదు. గుడ్డు పేపరు మీద అలాగే ఉంది. అది వెనక్కి తిరిగి చూడలేదు. ఒలిచిన కొర్రల పొట్టు ఫ్యాను గాలికి కడ్డీల్లోంచి లేచి, కాసేపు ఎండలో తేలి, నేల మీద పడుతోంది.