పట్టుచీరల అడుగున ప్లగ్ పానా

మా పెళ్లిచూపుల్లో అమ్మ ఒక అబద్ధం ఆడింది. "మా అమ్మాయి కుట్లూ అల్లికలూ బాగా చేస్తుందండీ" అంది. తణుకులో నాన్నకు మోటార్‌సైకిళ్ల రిపేరు షెడ్డు ఉందని చెప్పింది గానీ, డిగ్రీ అయ్యాక మూడేళ్లు ఆ షెడ్డులో ప్లగ్గులూ కార్బొరేటర్లూ చూసింది నేనేనని చెప్పలేదు. చెబితే సంబంధం తప్పిపోతుందని ఆవిడ భయం. నేనూ నోరు మూసుకున్నాను. ఆ నోరు ఆరేళ్ల తర్వాత ఒమన్‌లో, ఒక శుక్రవారం పొద్దున తెరుచుకుంది.

మేముండేది అల్ అమెరాత్‌లో. మా ఆయన రుసైల్‌లో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ చూస్తారు. ఫ్లాటు కంపెనీది, కారు కంపెనీది, ఆఖరికి సోఫా కూడా కంపెనీదే. మాదంటూ ఉన్నది ఒక్క పాత మోటార్‌సైకిల్. కొన్న ఏడాది చలికాలంలో దాని మీదే సూర్ దాకా వెళ్లి, సముద్రం ఒడ్డున వేయించిన చేపలు తిని వచ్చాం. ఈ దేశంలో నేను అంత సంతోషంగా ఇంకెప్పుడూ లేను. తర్వాత ఆయనకు పని పెరిగింది. వీధి చివరి కొట్టు నుంచి పాలూ పెరుగూ తేవడానికే బండి మిగిలింది.

ఈ ఎండాకాలం అది మొరాయించింది. కిక్కు కొట్టగా కొట్టగా ఒకసారి దగ్గేది. స్టార్టయినా వీధి మలుపు దాటకముందే ఆగిపోయేది. ఆయన నాలుగు రోజులు ఫోన్లో వీడియోలు చూసి, గురువారం తీర్పు చెప్పేశారు.

"ఇంజన్ పోయింది. పొగ గొడ్తున్నది. రేపు పదింటికి సైట్ల పనిచేసే మన దిక్కు పిలగాడు వస్తుండు. పార్టుల కోసం కొంటడట. ఇచ్చేస్త."

ఆయనది ఆదిలాబాద్.

"పొగ ఏ రంగులో వస్తోందండీ?"

"పొగకు రంగేంది? పొగ పొగే."

"నీలంగానా, నల్లగానా?"

"నీకేమెరుక? నువ్వు ఊకో."

తెల్లారేదాకా ఊకున్నాను. నాకేం తెలుసో ఆయనకు తెలియకపోవడం ఆయన తప్పు కాదని తెలిసినా, ఒళ్లు మాత్రం మండిపోతూనే ఉంది. పొద్దున్నే సూట్‌కేసు లాగి, పట్టుచీరల అడుగున పాత తువ్వాలులో చుట్టి ఉన్న ప్లగ్ పానా తీశాను.

"గిదెక్కడిది?" అన్నారాయన, టీ గ్లాసు చేతిలోనే ఉంచుకుని.

"మా నాన్న షెడ్డుది. కిందికి రండి."

బిల్డింగు కింద పార్కింగులో ఏడింటికే చెమటలు కారుతున్నాయి. ప్లగ్గు విప్పుతూ ఆయనకు చెప్పాను. పొగ నీలంగా వస్తే ఇంజన్లో ఆయిలు మండుతున్నట్టు. అప్పుడు ప్లగ్గు తడిగా, జిడ్డుగా ఉంటుంది. అదే అయితే ఆయన మాటే నిజం, బండి ముక్కలుగా పోవలసిందే. ప్లగ్గు బయటికొచ్చింది. కొస నల్లగా ఉంది. బొటనవేలితో రాసి చూశాను. తడి లేదు, జిడ్డు లేదు. పొడి మసి కాటుకలా వేలికి అంటింది.

"ఇంజన్‌కేం కాలేదు. పెట్రోలు ఎక్కువై మసి పట్టింది, అంతే" అన్నాను. అక్కడే నేల మీద కూర్చుని షెడ్డు సంగతంతా చెప్పేశాను.

ఆయన టీ గ్లాసుతోనే నా ఎదుట గొంతుక్కూర్చున్నారు. "మరి కుట్లు, అల్లికలు?"

"సూదిలో దారం ఎక్కించడమే రాదు."

"మా అమ్మకు నువ్వే అల్లినవని ఇచ్చిన శాలువ?"

"కొన్నదే."

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. గ్లాసులో టీ ఒలికిపోయింది. ఆరేళ్ల బరువు దిగిపోయి నేనూ కళ్ల వెంట నీళ్లొచ్చేలా నవ్వాను.

పాత టూత్‌బ్రష్‌ను పెట్రోల్లో ముంచి మసి తోమాను. కొసలు ఉప్పు కాగితంతో గీకి, ఆరబెట్టి మళ్లీ బిగించాను. రెండో కిక్కుకే బండి అందుకుంది. కానీ మసి ఎందుకు పట్టిందో తేలకపోతే వారానికి మళ్లీ ఇదే కథ. ఎయిర్ ఫిల్టర్ విప్పి చూస్తే శుభ్రంగానే ఉంది. అందుకని బండి ఆపి, "రోజూ మీరు ఎలా స్టార్ట్ చేస్తారో అలాగే చేయండి" అన్నాను.

ఆయన బండెక్కి, అలవాటుగా ఎడమ చేత్తో చోక్ పూర్తిగా లాగారు.

"అదెందుకండీ?"

"పొద్దుగాల చోక్ గుంజాలె గదా. మా నాయిన గట్లనే నేర్పిండు."

ఆదిలాబాద్ చలిలో అది న్యాయమే. చల్లబడిన ఇంజన్‌కు చోక్ లాగితేనే గాలి తగ్గి, పెట్రోలు ఎక్కువ అందుతుంది. కానీ ఇక్కడ ఎండాకాలం తెల్లవారకముందే ఇంజన్ వెచ్చగా ఉంటుంది.

"మళ్లీ ఎప్పుడు లోపలికి నొక్కుతారు?"

"కొట్టుకాడ దిగినంక. యాదికుంటే."

"నలభై డిగ్రీల ఎండలో దానికి స్వెటర్ తొడిగి తిప్పుతున్నారు మహానుభావా!" అని అరిచాను. పై అంతస్తు కిటికీలోంచి ఎవరో తొంగి చూశారు.

పదింటికి కుర్రాడు వచ్చేసరికి బండి చోక్ లేకుండానే నిలకడగా ఆడుతోంది.

"అన్నా, ఇంజన్ పోయిందన్నవ్, మంచిగనే ఉన్నది గదా! ఏ మెకానిక్‌కు సూపెట్టినవ్? మా రూమ్‌ల దోస్తు బండి గూడ సతాయిస్తున్నది. నంబర్ ఇయ్యే."

నేను చేతులు వెనక్కి దాచుకున్నాను, అమ్మ నేర్పిన అలవాటు. ఆయన నా మణికట్టు పట్టుకుని ముందుకు లాగి, మసి బొటనవేలు ఆ కుర్రాడికి చూపించారు.

"ఈమెనే. మా ఇంటామె. బండి అమ్ముతలేను తమ్మీ, చలికాలం రాంగనే మేం సూర్ పోయేదున్నది."

కుర్రాడు నన్నూ, నా వేలునూ మార్చి మార్చి చూశాడు. "అయితే అక్కా, మా వాని బండి ఏమైందంటవ్?"

నేను నోరు తెరిచేలోపే మా ఆయన గొంతు సవరించుకుని, పుట్టినప్పటి నుంచీ షెడ్డులోనే పెరిగినవాడిలా అడిగారు: "ముందుగాల పొగ ఏ రంగుల వస్తున్నదో చెప్పు తమ్మీ."